కథలు రాసే అమ్మాయి, 30 వేలు అడిగే సంస్థ

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ప్రతిలిపి అనే కథల యాప్‌లో రాస్తుంటుంది. చదివేవారు బాగానే ఉన్నారు. చదువు పూర్తయ్యాక స్వతంత్ర రచయిత్రిగా స్థిరపడతానంటోంది. ఈ మధ్య ఒక సంస్థ 30,000 రూపాయలు కడితే ఆమె కథలను పుస్తకంగా వేస్తామంటూ ఒప్పందపత్రం పంపింది. కట్టమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే కట్టకండి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం చిన్నతనమేమీ కాదు. తెలుగులో పేరున్న కథకులు సైతం తమ సంపుటాలను అలాగే తెచ్చుకున్నారు. నా సందేహమల్లా ఆ ఒప్పందపత్రం గురించే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, కథ కాగితం మీదికి వచ్చినప్పటినుంచే దానిపై హక్కు మీ అమ్మాయిది. అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు ఆమె జీవితకాలమంతా, ఆ తరువాత మరో 60 సంవత్సరాలు ఉంటుంది. దానిని ఇతరులకు బదలాయించే పత్రంలో గడువు రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అన్నట్టుగా భావించాలని 19వ సెక్షన్ రచయితకు కొంత రక్షణ కల్పించింది. అయితే పత్రంలోనే ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’, ‘అన్ని మాధ్యమాలలో’ అని రాసి ఉండి, ఆమె సంతకం చేస్తే ఆ రక్షణ అక్కరకు రాదు. ఖర్చు మనమే భరిస్తూ ఆడియో, సినిమా, అనువాద హక్కులను కూడా వదులుకోవడం ఏం బేరమో నాకు అర్థం కాదు.

ఇక స్థిరపడటం గురించి. చిన్న కథల మీదే ఆధారపడి తెలుగులో ఇల్లు గడపడం కష్టమని ఆమెకు దాచకుండా చెప్పండి. పత్రికలిచ్చే పారితోషికం గుర్తింపు కిందికి వస్తుందే గాని జీతం కిందికి రాదు. యాప్‌లలో డబ్బులు ఎక్కువగా ధారావాహికల చుట్టూ తిరుగుతాయి. రోజుకో భాగం రాసే అలవాటులో పడితే కథను కుదించి, దిద్ది రాసే ఓపిక తగ్గుతుందని నా అభిప్రాయం. అదే కలంతో జీతం వచ్చే పనులు వేరే ఉన్నాయి: ప్రకటనల రచన, అనువాదం, డబ్బింగ్ సంభాషణలు, ఆడియో సీరియళ్ల స్క్రిప్టులు, పత్రికల డెస్కు. డిగ్రీ పూర్తి చేసి వీటిలో ఒకదానిలో చేరితే, కథలు ఎవరి గడువుకూ లొంగకుండా సాగుతాయి.

ఆమె ఇప్పుడే మార్చుకోవలసిన అలవాటు ఒకటుంది. రాసిన ప్రతి కథనూ వెంటనే యాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టేయకూడదు. వారపత్రికలు, ఆదివారం అనుబంధాలు, కథల పోటీలవారు కథతోపాటు హామీపత్రం అడుగుతారు. కథ సొంతమనీ, అనువాదమో అనుకరణో కాదనీ, పత్రికల్లో గాని, అంతర్జాలంలో గాని, సామాజిక మాధ్యమాల్లో గాని ఇంతకుముందు రాలేదనీ, మరొకరి పరిశీలనలో లేదనీ అందులో రాసి సంతకం చేయాలి. వాట్సాప్ గ్రూపులో నలుగురికి పంచిన కథకు కూడా ఆ సంతకం చేయడం ఇబ్బందే. అందుచేత బాగా కుదిరిన కథ ముందు పత్రికకో, ఈమాట వంటి అంతర్జాల పత్రికకో వెళ్లాలి. అచ్చయ్యాక, ఆ పత్రిక నిబంధనలు చూసుకుని, యాప్‌లో పెట్టుకోవచ్చు. తిరిగొచ్చిన కథకు సంపాదకుడు ఒక్క వాక్యం కారణం రాసినా అది యాప్‌లోని ‘సూపర్’ వ్యాఖ్యలకన్నా విలువైనది.

పుస్తకానికి తొందర లేదు. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి వయోపరిమితి 35 సంవత్సరాలు. ఆమె ముందు ఇంకా చాలా కాలముంది. పత్రికల వడపోత దాటిన కథలు పది పన్నెండు పోగయ్యాక, మీరే నేరుగా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) చేసేవారితోనూ ముద్రణాలయంతోనూ మాట్లాడుకోండి. పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ రుసుము ఇవ్వకండి. రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ ఏజెన్సీ రచయితలకు దానిని ఉచితంగానే కేటాయిస్తుంది. ఫోన్లలో, యాప్‌లలో కనిపించే యూనికోడ్ అక్షరాల్లో ఉన్న కథను డీటీపీలో వాడే అను ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు చెదిరిపోతుంటాయి కనుక, చివరి ప్రూఫును కంప్యూటర్ తెరమీద కాకుండా కాగితం మీద తీయించి, మీ అమ్మాయినే అక్షరం అక్షరం చదవమనండి.