ఇంటర్ తర్వాత నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ సీటా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నర్స్ ప్రాక్టీషనర్ అయితే డాక్టర్‌లాగే మందులు రాయొచ్చని అమెరికాలో ఉన్న మా మేనకోడలు అంటోంది. ఆ కోర్సు వరంగల్‌లో ఎక్కడుంది? డైరెక్ట్ సీటు ఇప్పిస్తామని ఒకాయన అడ్వాన్సు అడుగుతున్నాడు.
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: ముందు ఆ అడ్వాన్సు ఇవ్వకండి. ఇంటర్ కాగానే చేరే కోర్సు కాదిది, అమెరికాలో కూడా. అక్కడ నర్సింగ్ డిగ్రీ, నర్స్ లైసెన్సు, ఆపైన పీజీ ఉంటేనే ఆ హోదా. మందులు రాయడంలోనూ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు.

మన దగ్గర మొదటి మెట్టు నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. కన్వీనర్ సీట్లకు నోటిఫికేషన్ ఇచ్చేది వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ. ఆ తర్వాత కనీసం ఏడాది పని అనుభవం ఉంటే క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీకి వెళ్లొచ్చు. ఇది ఎక్కువగా ఐసీయూలో పనిచేస్తూ నేర్చుకునే చదువు. మందులు, పరీక్షలు రాసేది ఆసుపత్రి ప్రోటోకాల్ (ముందే రాసిపెట్టిన చికిత్స నియమాలు) ప్రకారమే. సొంత క్లినిక్ పెట్టుకోవడానికి కాదు. చదువు ఉన్నంత స్పష్టంగా ఉద్యోగ హోదా ఇంకా ఏర్పడలేదు, అది కూడా తెలుసుకునే దిగాలి.

నన్నడిగితే మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే నర్సింగ్ వైపు కూడా చూడమంటాను. 2017లో తెలంగాణ ప్రభుత్వం 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది మన కరీంనగర్‌లోనే, హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో. మామూలు కాన్పును మిడ్‌వైఫే చూసుకుంటుంది, తేడా కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను పిలుస్తుంది. అదే కరీంనగర్ జిల్లాలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి వందలో 82 కాన్పులు సిజేరియన్లే! ఇలాంటి చోట మంచి మిడ్‌వైఫ్ అవసరం ఎంతుందో వేరే చెప్పాలా? జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినవాళ్లూ అనుభవం ఉంటే ఈ దారిలో వెళ్లొచ్చు.

ఇక అమెరికా సంగతి. ఇక్కడి పీజీ చూపించి అక్కడ నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ అవ్వడం కుదరదు. ముందు ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్స్ లైసెన్సు పరీక్ష) పాసై నర్సుగా చేరాలి, తర్వాత అక్కడి పీజీ చదవాలి.

ఐసీయూనా, లేబర్ రూమా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. బీఎస్సీలో రెండు చోట్లా పోస్టింగులుంటాయి. ఈలోపు తెలిసిన స్టాఫ్ నర్సు ఎవరైనా ఉంటే బిడ్డను ఓసారి మాట్లాడించండి, నైట్ డ్యూటీల గురించి దాచకుండా చెప్పమనండి.