పాఠకుల ప్రశ్నలు: త్వరణం మారుతున్నప్పుడు

ప్రశ్న: అయ్యా, నేను ఒంగోలు సమీపంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో ‘వి = యు + ఏటీ’ (తుది వేగం = తొలి వేగం + త్వరణం × కాలం) వంటి సూత్రాలతోనే లెక్కలన్నీ చేశాను. ఇప్పుడు మెకానిక్స్‌లో అడుగడుగునా సమాకలనం (ఇంటిగ్రేషన్, అంటే మారుతున్న రాశిని చిన్న చిన్న ముక్కలుగా కూడడం) చేయమంటున్నారు. నిశ్చల స్థితి నుంచి బయలుదేరిన వస్తువు త్వరణం ‘6టీ’ (‘టీ’ అంటే సెకన్లలో కాలం) అయితే 2 సెకన్ల తరువాత వేగమెంత అన్న ప్రశ్నకు నేను రాసిన 24 తప్పన్నారు. ఎందుకు?
– ఒక విద్యార్థి, కొత్తపట్నం

జవాబు: రెండో సెకను చివరనున్న త్వరణం 12, మీరు అది మొదటి నుంచీ ఉన్నట్టు భావించి 2తో గుణించారు. నిజానికి త్వరణం సున్నా దగ్గర మొదలై పెరుగుతూ వచ్చింది కనుక, సమాకలనం చేస్తే వేగం ‘టీ’ వర్గానికి 3 రెట్లు, అంటే సెకనుకు 12 మీటర్లే అవుతుంది. మీకు కంఠతా వచ్చిన సూత్రమూ సమాకలనం వల్ల వచ్చినదే. కాకపోతే త్వరణం స్థిరంగా ఉన్నప్పుడే అది చెల్లుతుంది. ఇంటర్‌లో ఆ షరతును ఒక్కసారి చెప్పి వదిలేయడం వల్లనే ఈ తికమక అని నా అభిప్రాయం.

లెక్క మొదలుపెట్టే ముందు, త్వరణాన్ని కలిగించే బలం దేనిని బట్టి మారుతోందో చూడండి. కాలాన్ని బట్టి మారితే త్వరణాన్ని ‘డీవీ బై డీటీ’గా (కాలంతో వేగం మారే రేటుగా) రాయాలి, స్ప్రింగులో వలె స్థానాన్ని బట్టి మారితే ‘వి డీవీ బై డీఎక్స్’గా (వేగాన్ని, దూరంతో వేగం మారే రేటుతో గుణించి) రాయాలి. వేగాన్ని బట్టి మారినప్పుడు రెండూ పనికివస్తాయి, ఏది అడిగారన్నదే ముఖ్యం.

మీది సముద్రతీరం కనుక పడవనే తీసుకుందాం. 1000 కిలోల పడవ సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తుండగా ఇంజను ఆపేశారు. నీటి నిరోధం, న్యూటన్లలో, వేగానికి 250 రెట్లు అనుకుందాం. కాలంతో లెక్కిస్తే వేగం ప్రతి 4 సెకన్లకూ అంతకు ముందున్నదానిలో సుమారు 37 శాతానికి పడిపోతుంది. 12 సెకన్లకు సెకనుకు సుమారు పావు మీటరు వేగం మిగులుతుంది, కాగితం మీద మాత్రం ఎన్నటికీ సున్నా కాదు. దూరంతో లెక్కిస్తే సమీకరణంలో రెండు వైపులా వేగం కొట్టివేయబడి, పడవ సాగిన ప్రతి మీటరుకూ సెకనుకు పావు మీటరు వేగాన్ని కోల్పోతుందని ఒక్క వరుసలో తేలుతుంది. కనుక అది ఎంతసేపు సాగినా 20 మీటర్లు దాటదు.

(న్యూటన్ 1687 నాటి గ్రంథం ‘ప్రిన్సిపియా’ ఎక్కువ భాగం రేఖాగణితంతో నడిచింది, నేడు మీరు తరగతిలో రాసుకునే అవకలన సమీకరణాల (మార్పు రేట్లతో రాసే సమీకరణాల) రూపానికి ఆ తరువాతి శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చేసిన కృషి ఎంతో ఉంది. కాబట్టి మీకు కష్టంగా తోచడంలో వింతేమీ లేదు.)

ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది సమాకలనంలో కాదు, అవధుల్లో (అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే విలువల్లో). తొలి వేగం, తొలి స్థానం ముందే రాసుకోండి.

ఇదే పడవకు నిరోధం వేగ వర్గానికి అనులోమంగా ఉందనుకుని మళ్లీ చేసి చూడండి. ఈసారి దూరానికి హద్దే ఉండదు. వేగం బాగా తగ్గాక ఆ వర్గ నియమం నిజమైన నీటికి సరిపోతుందా అన్నది మీ అధ్యాపకులతో చర్చించవలసిన ప్రశ్న.