ఇండియా అండర్-16 బాస్కెట్‌బాల్ జట్టు కావాలంటే ముందు షాట్ క్లాక్ కింద ఆడించండి

"మా అమ్మాయి ఎనిమిదో తరగతి, హనుమకొండలో బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుంది. ఇండియా అండర్-16 జట్టులోకి వెళ్లి ఆసియా కప్‌లో ఆడాలంటే ఏ అకాడమీలో వేయాలి?" అని ఒకరు అడిగారు. వాళ్లకు నా జవాబు: అకాడమీ సంగతి తర్వాత చెప్తాను. మీ బిడ్డ ఇప్పటిదాకా ఒక్క మ్యాచ్ అయినా షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్ వేయాలని లెక్కపెట్టే గడియారం) పెట్టి ఆడిందా? ముందు అది చెప్పండి.

మా అమ్మాయి ఆడే రోజుల్లో ఆడపిల్లల జట్టు వెంట ఒక ఆడమనిషి ఉండాలని నన్ను మేనేజర్‌గా పంపించారు. కాజీపేటలో రైలెక్కి వేరే రాష్ట్రంలో జరిగే నేషనల్స్‌కి వెళ్లాం. మొదటి మ్యాచే కేరళతో. ఇండోర్ హాలు, చెక్క ఫ్లోరు. సిమెంటు కోర్టు మీద ఆడీ ఆడీ అలవాటైన పిల్లలు బూట్లు ఊరికే కిర్రుకిర్రుమంటుంటే కిందికి చూసుకుంటూ ఉన్నారు. అయినా ఆట బాగానే మొదలుపెట్టారు. మా పాయింట్ గార్డు, అంటే ఆట నడిపించే పిల్ల, బంతి తీసుకొచ్చి, మన దగ్గర నేర్పినట్టే నిదానంగా అటొక పాసు, ఇటొక పాసు, మళ్లీ తన దగ్గరికి. కోచ్ సార్ కూడా ఇంటి దగ్గర రోజూ చెప్పేది అదే: "తొందరపడకు, చూసి ఇయ్యి." పోస్టులో, అంటే బాస్కెట్ దగ్గర, ఉన్న పిల్లకు సందు దొరికింది, బంతి అందింది, తిరిగి ఎగరబోతుంటే బజర్ మోగింది.

మా పిల్లలకు ఏమైందో అర్థం కాలేదు. రిఫరీ విజిల్ వేసి చేతి వేళ్లతో తన భుజాన్ని తట్టి చూపించాడు. 24 సెకన్లు అయిపోయాయని ఆ సైగకు అర్థం. బంతి పట్టుకున్న పిల్ల అవతలివాళ్లు ఫౌల్ చేశారనుకుని ఫ్రీ త్రో లైన్ దగ్గరికి నడిచింది. అవతలి జట్టు పిల్ల వచ్చి ఆమె చేతుల్లోంచి బంతి మెల్లగా తీసుకుపోయింది. ఆ క్వార్టర్‌లో మళ్లీ మళ్లీ అదే. తర్వాత భయం పట్టుకుని, సగం కోర్టు గీత దాటగానే ఎక్కడి నుంచి పడితే అక్కడి నుంచి వేయడం మొదలుపెట్టారు. క్లాక్ బోర్డు పైన ఎర్ర అంకెలతో కనబడుతూనే ఉంది, కానీ ఎప్పుడూ అటు చూసి ఆడని పిల్లలకు కళ్లు పైకి ఎలా పోతాయి? హాఫ్ టైంలో మా గార్డు చెమట కూడా తుడుచుకోకుండా నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మీరు బెంచీ మీంచి గట్టిగా లెక్క చెప్పండి" అంది. మిగతా మ్యాచ్ అంతా నేను గొంతు పోయేలా "పది... ఎనిమిది... అయిదు, వేసెయ్" అని అరుస్తూనే ఉన్నాను. చివరి క్వార్టర్‌లో మా వాళ్లు వాళ్లకు దీటుగా ఆడారు. మ్యాచ్ అప్పటికే చేజారిపోయింది.

ఆ పిల్లల్లో ఎత్తుకు తక్కువ లేదు, స్టామినాకు తక్కువ లేదు. లోపం ఆటలో లేదు, అలవాటులో ఉంది. అంతర్జాతీయ రూల్ ప్రకారం 24 సెకన్లలో షాట్ వేయాలి, అందులో 8 సెకన్లలోపు సగం కోర్టు దాటాలి. అంటే ఆలోచించి ఆడడానికి మిగిలేది 16. సొంత షాటే రింగుకు తగిలి తిరిగి మనకే దొరికితే 14 మాత్రమే ఇస్తారు. 24 సెకన్ల రూలు 2000 నుంచి ఉంది, అంతకుముందు 30 సెకన్లు ఉండేది. మన జిల్లాలో టోర్నమెంటు పెట్టేవాళ్లు మాత్రం ఫ్లెక్సీలకు, శాలువాలకు, స్టేజీకి ఖర్చు పెడతారు గానీ ఒక జత షాట్ క్లాకులు కొనరు. నాకు దీనంత బాధ ఇంకేదీ లేదు.

మీరన్న ఆసియా కప్ చిన్నది కాదు. 2017 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఆసియాతోనే కలిసి ఆడుతున్నాయి. చైనా, జపాన్ ఎలాగూ ఉన్నాయి. పై డివిజన్‌లో ఎనిమిది జట్లు, వాటిలో మొదటి నాలుగు జట్లకే అండర్-17 ప్రపంచ కప్. అదే 2017లో బెంగళూరులో మన అండర్-16 అమ్మాయిలు కింది మెట్టైన డివిజన్ బి గెలిచి పైకి వెళ్లారు. కాబట్టి మనవాళ్లకు చేతకాదనే మాట నేను ఒప్పుకోను. కానీ ఆ పై మెట్టు మీద ఎవరూ మీ పిల్ల చూసి ఇచ్చేదాకా ఆగరు.

నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయింది, మన వరంగల్ జిల్లా కల్లెడ నుంచి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో పతకం తెచ్చింది, మరి బాస్కెట్‌బాల్‌లో ఎందుకు రాదు అంటారు కొందరు. వాళ్లు మన గర్వం. కానీ బాక్సింగ్‌లో, పరుగులో ఒక్క పిల్ల పట్టుదల, ఒక్క కోచ్ కష్టం చాలా దూరం తీసుకెళ్తాయి. ఇది జట్టు ఆట. మిగతా నలుగురూ, ఎదురుగా అయిదుగురూ అదే స్థాయిలో ఉంటే తప్ప ఒక్క పిల్ల ఎదగదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాక 2021లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ ఇక్కడే పెట్టారు కదా, ఆ శ్రద్ధలో కొంచెం మన బాస్కెట్‌బాల్ కోర్టుల మీద పెడితే చాలు. అది పోయి, ఉన్న గ్రౌండ్లు కూడా మీటింగులకూ ఎగ్జిబిషన్లకూ ఇస్తారు. వాళ్లు వెళ్లిపోయాక మేకులు ఏరుకుని ప్రాక్టీస్ చేసుకోవాలి. పెద్ద పెద్ద ఫీజులు తీసుకునే స్కూళ్లలో అసలు గ్రౌండే ఉండదు. పదో తరగతి వచ్చిందంటే ఇంట్లోవాళ్లే బూట్లు అటక మీద పెట్టేస్తారు.

ఇంకొకటి, కాగితాలు ఇప్పుడే సరిచేసుకోండి. అండర్-16 అంటే పుట్టిన సంవత్సరం చూస్తారు. జనవరిలో పుట్టిన పిల్లకూ డిసెంబరులో పుట్టిన పిల్లకూ ఒకటే లెక్క, ఆ వయసులో అంత తేడా అంటే ఎత్తులోనే తెలిసిపోతుంది. మీ అమ్మాయిది సంవత్సరం చివరైతే ఇప్పుడు వెనకబడిందని దిగులుపడకండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు మూడింటిలో ఒకే తేదీ, ఒకే స్పెల్లింగ్ ఉండాలి. పాస్‌పోర్టు కూడా వాటితోనే. మా అమ్మాయితో ఆడిన ఒక పిల్లకు ఆధార్‌లో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో ఒక తేదీ ఉందని లిస్టులోంచి తీసేశారు. ఆ పిల్ల ఎడమచేత్తో వేసే లేఅప్ నేను ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఇక అకాడమీ. పేర్లు చెప్పను, ఎందుకంటే పేరు చూసి చేర్చొద్దనే నా మాట. జిల్లా, రాష్ట్రం, నేషనల్స్, అక్కడి నుంచి జాతీయ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ క్యాంపు, దారి అదే. ఏ అకాడమీ దాన్ని తప్పించలేదు. ఫీజు కట్టే ముందు ఒక సాయంత్రం వెళ్లి గోడ పక్కన కూర్చుని చూడండి. చివరి అరగంట అయిదుగురికి అయిదుగురు మ్యాచ్ ఆడిస్తున్నారా? షాట్ క్లాక్ లేకపోయినా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని 24 లెక్కపెట్టి విజిల్ వేస్తున్నారా? వేస్తుంటే అక్కడే చేర్పించండి. లేదంటే మా అమ్మాయి, ఆమె స్నేహితులు చేసినట్టు మీ వీధి పిల్లలతోనే మొదలుపెట్టించండి, లెక్కపెట్టే పని మీరు తీసుకోండి.