బోరు లేదు, మోటారు లేదు, కాలువ ఆగదు

ప్రశ్న: మా అమ్మాయి మస్కట్‌లో ఉంటోంది. జనవరిలో వెళ్ళినప్పుడు మిస్ఫా ఊళ్ళో కొండకాలువ వెంట నడుద్దామంటోంది. వానలే అరుదైన చోట మోటారు లేకుండా నీళ్ళెలా పారతాయి? అరవైకి దగ్గరపడిన మేం ఆ పాతదారుల్లో నడవగలమా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: ఆ కాలువను ఒమన్‌లో ఫలజ్ అంటారు. ఊట నుంచి వచ్చేది ఐనీ, వాగు నుంచి మళ్ళించేది ఘైలీ, సొరంగంలో వచ్చేది దావూదీ. అసలు పనితనం దావూదీది. కొండ పాదంలో నీరు పడేదాకా తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి ఊరివైపు సొరంగం తొలుస్తారు. మట్టి తీయడానికి దారి పొడవునా నిలువు బావులు. వాలు కిలోమీటరుకు ఇంచుమించు మీటరే. ఎక్కువైతే నీరు అడుగును కోసేస్తుంది, తగ్గితే ఒండ్రు మేట వేస్తుంది. నేల వాలు ఇంతకన్నా ఎక్కువ గనుక ఊరు చేరేసరికి నీరు తనంతట తానే బయటపడుతుంది. ఇదే పద్ధతిలో బహమనీల కాలంలో తవ్విన కరేజ్ మన పక్కనే బీదర్‌లో ఉంది. వీలైతే ముందు అది చూసి వెళ్ళండి.

ఒమన్‌లోని ఐదు ఫలజ్‌లను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని బతికిస్తున్నది మాత్రం నీటి వంతు. మన చెరువుల కింద నీరటి చేసే పని అక్కడ అరీఫ్ చేస్తాడు. వంతు లెక్క ‘అథర్’, మామూలుగా అరగంట. పూర్వం పగలు కర్రనీడతో, రాత్రి చుక్కలతో లెక్కగట్టేవారు. ముందు తాగునీరు, తర్వాత మసీదు, స్నానాలు, ఆపైన ఖర్జూర తోటలు, మిగిలితే కూరమళ్ళు. మడవ దగ్గర రాయి పెట్టి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కి ఉంటాయి. దయచేసి కదపకండి, ఒకరి అరగంట మరొకరి తోటలోకి పోతుంది. తల్లిబావి చుట్టుపక్కల బోర్లు పడి నీటిమట్టం దిగితే మాత్రం ఏ అరీఫూ కాపాడలేడు.

మిస్ఫాలో నడవగలరు. మెట్లు ఎక్కువ, కాలువ గట్టు సన్నం, పాచి ఉంటుంది. పట్టున్న బూట్లు వేసుకోండి, భుజాలు, మోకాళ్ళు కప్పుకోండి. జెబెల్ షమ్స్ కొండ మీద ఖితైమ్ నుంచి పాడుబడ్డ సాబ్ ఊరికి వెళ్ళే డబ్ల్యూ6 అనే నడకబాట వేరు. రానూపోనూ మూడు నాలుగు గంటలు, పక్కనే లోతైన లోయ. కళ్ళు తిరిగేవాళ్ళు మానుకోవాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళండి. రాళ్ళ మీది పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలే దారి. అవి కనబడకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రండి. ఎండిన వాగులో మాత్రం కూర్చోవద్దు. ఎగువన ఎక్కడో వాన పడినా, ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వచ్చేస్తుంది.