ఒంటరి కారు ప్రయాణంలో జియోక్యాషింగ్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: ఉద్యోగం మారడంతో ఈ ఆగస్టులో కాన్సాస్ సిటీ నుంచి పోర్ట్‌లాండ్‌కు డెన్వర్ మీదుగా నేనొక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్తున్నాను. దారిలో జియోక్యాషింగ్, అంటే ఇతరులు దాచి ఇంటర్నెట్‌లో అక్షాంశ రేఖాంశాలు ప్రకటించిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట, ఆడాలని కోరికగా ఉంది. ఇంటి దగ్గరి పార్కుల్లో దాచిన డబ్బాలు కొన్ని వెతికి పట్టుకున్నాను తప్ప, దూర ప్రయాణంలో ఎప్పుడూ ప్రయత్నించలేదు. రోజుకు ఎన్ని పెట్టుకోవచ్చు, వేటిని ఎంచుకోవాలి? ఒంటరి ఆడపిల్లవు, మనుషులు తిరగని చోట కారు దిగి పొదల్లో వెతుకులాటేమిటని విజయవాడలో అమ్మ బెంగపడుతోంది. ఆమెకు ఏమని చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, కాన్సాస్ సిటీ

జవాబు: మీరు వెళ్లే దారికి ఈ ఆట చరిత్రలో ప్రత్యేకమైన చోటు ఉంది. జీపీఎస్ సంకేతాలలో సాధారణ పౌరుల కోసం కావాలని కలుపుతూ వచ్చిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 1 అర్ధరాత్రి తొలగించింది. అంతవరకు వంద మీటర్ల దాకా తప్పు చూపిన పరికరాలు ఆ రాత్రి నుంచి పది, ఇరవై మీటర్ల లోపు చూపడం మొదలుపెట్టాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన పోర్ట్‌లాండ్‌కు ఆగ్నేయంగా ఉన్న బీవర్‌క్రీక్ దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పుస్తకాలు, వీడియోలు, ఉండేలు వంటివి పెట్టి దాచి, అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. ఈ ఆటకు నాంది పలికిన ఆ బకెట్ ఇప్పుడు లేదు గాని, ఆ చోట స్మారక ఫలకం ఉంది. ఇక మే 11న కాన్సాస్‌లో దాచిన ‘మింగో’ నేటికీ ఆటలో ఉన్న జియోక్యాష్‌లలో (దాచిన డబ్బాలలో; క్లుప్తంగా క్యాష్) అతి పాతది. అది ఐ-70 హైవే పక్కనే, ఓక్లీ దాటి కోల్బీ చేరేలోపు వస్తుంది. ఇన్ని వందల మైళ్లలో మరేదీ వెతకలేకపోయినా, మొదటి రోజు మింగోను, పోర్ట్‌లాండ్‌లో సామాను దింపుకున్నాక ఏదో ఒక సెలవు రోజున బీవర్‌క్రీక్‌ను మాత్రం వదులుకోవద్దు.

రోజుకు మూడు, మహా అయితే నాలుగు చాలు. హైవే దిగి, కారు సరైన చోట నిలిపి, నడిచి, వెతికి, డబ్బాలోని పుస్తకంలో సంతకం చేసి తిరిగి దారిలో పడేసరికి ఒక్కోదానికి అరగంట సులువుగా గడిచిపోతుంది. ఎలాగూ రెండు గంటలకోసారి, లేదా వంద మైళ్లకోసారి కారు ఆపి నడుము చాచడం దూరప్రయాణాలలో అవసరమే గనుక, విశ్రాంతి స్థలాలు, పెట్రోలు బంకులున్న చిన్న ఊళ్లు, మధ్యాహ్న భోజనానికి ఆగే పార్కులు ముందుగా గుర్తించుకుని, వాటి దగ్గరి క్యాష్‌లనే జాబితాలో పెట్టుకోండి. అత్యవసరమైతే తప్ప ఇంటర్‌స్టేట్ అంచున కారు ఆపకూడదు; క్యాష్ ఎంత దగ్గరగా కనిపించినా ఎగ్జిట్ తీసుకోవలసిందే. ఒకదాని వెంట ఒకటి వందలాది డబ్బాలు వరుసగా ఉండే ‘పవర్ ట్రెయిల్’ల జోలికి మాత్రం వెళ్లకండి. రెండు క్యాష్‌ల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్న నియమం వల్ల, అటువంటి దారుల్లో రెండు నిమిషాలకోసారి ఆగుతూ కదులుతూ ఉండాలి. నెవాడాలోని ఈటీ హైవే మీద ఇవి ప్రసిద్ధి. ఒకరు నడుపుతుంటే మరొకరు దిగి వెతికే జట్లకు అది సరదాయే కావచ్చు. స్టీరింగ్ ముందు ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం అది ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమేనని నా గట్టి అభిప్రాయం.

ఎంపికలో ప్రతి క్యాష్‌కూ ఇచ్చే కష్టం, నేల స్వభావం అనే రెండు అంకెలనూ చూడండి. రెండూ ఒకటి నుంచి ఐదు దాకా ఉంటాయి. మీరు రెండు దాటవద్దు. దొరకలేదని వెతికినవాళ్లు రాసిన లాగ్‌లే చివర వరుసగా కనిపిస్తే ఆ డబ్బా పోయి ఉండవచ్చు కనుక, అక్కడ ఆగకుండా సాగిపోవడమే మేలు. వయోమింగ్‌లో, తూర్పు ఒరెగాన్‌లో చాలాదూరం ఫోన్ సిగ్నల్ అందదు. జీపీఎస్ పనిచేయడానికి సిగ్నల్ అక్కర్లేదు గాని, మ్యాపు, వివరాలు, సూచనలు ముందు రాత్రే ఫోన్‌లోకి దింపుకోకపోతే తెరమీద చుక్క తప్ప ఏమీ మిగలదు. తీరా చోటికి చేరాక, ఆరుబయటైనా ఫోన్ చూపేది ఐదు మీటర్ల అటూ ఇటూయే కనుక, దాన్ని జేబులో పెట్టి కళ్లతో వెతకండి.

జాతీయ పార్కులలో అనుమతి లేకుండా డబ్బాలు దాచడం నిషిద్ధం. అటువంటి చోట్ల డబ్బాకు బదులు భూగర్భ విశేషాన్ని గమనించి ప్రశ్నలకు జవాబులు పంపే ‘ఎర్త్‌క్యాష్’లు ఉంటాయి. అమెరికా భూగర్భ శాస్త్ర సంఘం సహకారంతో 2004లో మొదలైన ఈ పద్ధతి ఒంటరి ప్రయాణికులకు ఎంతో అనువైనదని నేను భావిస్తాను, ఎందుకంటే పొదల్లో చేయి పెట్టే పని లేదు, చుట్టూ నలుగురు పర్యాటకులూ ఉంటారు. ఐడహోలోని ట్విన్ ఫాల్స్ దగ్గర, కొలంబియా నది లోయలో ఆగినప్పుడు వీటి కోసం మ్యాపులో చూడండి. షోషోన్ జలపాతం 212 అడుగుల ఎత్తుతో నయాగరాను మించినదే అయినా, ఆగస్టులో నీరు పొలాలకు మళ్లడం వల్ల పలచబడుతుంది. అయితే నీరు తగ్గినప్పుడే రాతి పొరలు బాగా కనిపిస్తాయి.

అమ్మగారి భయం అర్థం లేనిది కాదు, కనుక మాటలతో కాకుండా ఏర్పాట్లతో నెమ్మదింపజేయండి. పగటి వెలుతురులోనే వెతుకుతానని, ఫోన్ ద్వారా మీరున్న చోటు ఆమెకు ఎప్పటికప్పుడు కనిపించేలా పెడతానని, సిగ్నల్ లేని దూరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే చెబుతానని మాటివ్వండి. వేసవిలో డెన్వర్‌లో ఉదయం ఏడైతే విజయవాడలో సాయంత్రం ఆరున్నర. బయలుదేరే ముందు మాట్లాడుకోవడానికి అది ఇద్దరికీ వీలైన వేళ. ఈ దారి పొడవునా గిలక పాములు ఉంటాయి, కాబట్టి కంటికి కనిపించని రాతి సందుల్లో చేయి పెట్టకుండా ముందు కర్రతో కదిపి, టార్చి వేసి చూడండి. మూడేసి ఆకులుగా పెరిగే పాయిజన్ ఐవీ, పాయిజన్ ఓక్ అనే విష మొక్కలు తగిలితే చర్మంపై దద్దుర్లు లేస్తాయి. చిన్న ఊళ్లో దీపస్తంభం మొదట్లో తడుముతున్న కొత్త మనిషిని చూసి ఎవరైనా అనుమానించవచ్చు. స్థానికులో పోలీసులో అడిగితే చేతులు కనిపించేలా నిలబడి, తొందరపడకుండా, చేస్తున్నదేమిటో ఉన్నదున్నట్టు చెప్పి ఫోన్‌లోని జియోక్యాషింగ్ యాప్ చూపండి. ఆగిన చోట మనసు ఒప్పుకోకపోతే కారణం వెతుక్కోకుండా కదిలిపోండి.

మీది ఒకవైపు ప్రయాణం కనుక మరొక మంచి పని చేయవచ్చు. కొన్ని డబ్బాలలో సంఖ్య చెక్కిన బిళ్లలు తగిలించిన ‘ట్రావెల్ బగ్’లు ఉంటాయి. అవి ఒక క్యాష్ నుంచి మరొక క్యాష్‌కు చేతులు మారుతూ ప్రయాణిస్తాయి. పడమటికి వెళ్లాలని యజమాని కోరినది కాన్సాస్‌లో దొరికితే, దాన్ని ఒరెగాన్ దాకా తీసుకెళ్లి దింపండి.

ప్రశ్న: అమెరికా నుంచి హైదరాబాద్‌కు తిరిగి వచ్చేస్తున్నాను. ఇక్కడ ఒంటరి ప్రయాణాలలో వాడుతున్న శాటిలైట్ మెసెంజర్‌ను వెంట తెచ్చుకుని, శ్రీశైలం దారిలోనూ ఇదే ఆట ఆడవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆ పరికరాన్ని తేవద్దు. కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లను, సందేశ పరికరాలను భారతదేశంలోకి తేవడం, వాడడం నేరం. వీటితో పట్టుబడి విమానాశ్రయాలలో చిక్కుల్లో పడిన విదేశీ పర్యాటకులు ఉన్నారు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపలేని మామూలు జీపీఎస్ పరికరానికి, ఫోన్‌కు ఈ ఇబ్బంది లేదు. శ్రీశైలం దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రివేళ రాకపోకలపై అక్కడ ఆంక్షలున్నాయి, కారు ఆపి అడవిలోకి నడవడం తగదు. పైగా మన దగ్గర బస్టాండుల్లోనో గుళ్ల దగ్గరో యజమాని లేని డబ్బా కనిపిస్తే జనం భయపడి పోలీసులను పిలవడం సహజం. కాబట్టి డబ్బా లేని క్యాష్‌లనే ఎంచుకోండి. మీరే ఒకటి దాచాలనుకుంటే ఆ స్థలం యజమానిని స్వయంగా కలిసి, ఆటను వివరించి, ఒప్పించాకే పెట్టండి.