సెల్లార్ గోడకు రంగు కంటే ముందు పరీక్ష

ప్రశ్న: మా సెల్లార్ గోడలు నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా ఎప్పుడూ చెమ్మగానే ఉంటున్నాయి. రంగు పొక్కులు లేచి రాలిపోతోంది, దాని కింద తెల్లటి పొడి కనిపిస్తోంది. ఆ గదిని పిల్లల చదువుకూ, అప్పుడప్పుడు పడకకూ వాడుకోవాలని ఉంది. వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి, చెక్క ప్యానెళ్లు బిగిస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలదండీ. ప్యానెళ్లు చెమ్మను తగ్గించవు, కంటికి కనిపించకుండా చేస్తాయి. చెక్కకూ గోడకూ నడుమ గాలి ఆడనిచోట బూజు పెరుగుతుంది, అది ముక్కిపోయిన వాసన వచ్చేదాకా మీకు తెలియదు. పిల్లలు గంటల తరబడి కూర్చునే గదిలో ఇది అస్సలు మంచిది కాదు.

మీరు చూసిన తెల్లటి పొడి చవుడు. మట్టిలోనూ ఇటుకలోనూ ఉన్న లవణాలను కరిగించుకున్న నీరు గోడ గుండా లోపలికి వచ్చి, ఆవిరైపోతూ వాటిని పైన వదిలేస్తుంది. కాబట్టి మీ గోడలోకి నీరు వస్తున్నట్టే. అయితే గాలిలోని తేమ కూడా దానికి తోడవుతోందేమో చూడాలి. జానెడున్నర చదరపు పారదర్శక ప్లాస్టిక్ ముక్కలను గోడ మీద రెండు మూడు చోట్లా, నేల మీద ఒకచోటా, నాలుగు అంచులకూ టేపు వేసి గాలి చొరకుండా అతికించి, రెండు రోజులు వదిలేయండి. నీటి బొట్లు ప్లాస్టిక్ పైన పడితే అది గాలిలోని తేమ, వెనకవైపు పడితే గోడ నుంచో నేల నుంచో వస్తున్న నీరు. ఈ పరీక్ష వానలు పడే రోజుల్లో చేస్తేనే నమ్మకంగా ఉంటుంది.

తరువాత ఇంటి బయట చూడండి. డాబా మీది వాననీటి గొట్టం గోడ మొదట్లోనే పడుతోందా, నేల వాటం ఇంటివైపు ఉందా, పక్కనున్న నీళ్ల పైపు కారుతోందా అన్నవి గమనించండి. గోడ నుంచి 3 మీటర్ల దూరానికి 15 సెంటీమీటర్లు పల్లం ఉండేలా వాటం సరిచేసి, గొట్టాన్ని దూరంగా మళ్లిస్తే చాలా ఇళ్లలో సగం సమస్య అక్కడే తీరుతుంది. ఈ పని చేయకుండా లోపల ఖర్చు పెట్టవద్దని నా గట్టి సలహా.

లోపలి పెయింట్ ఎందుకు నిలవదంటే, గోడ వెనక మీటరు ఎత్తున నీరు నిలిస్తే అడుగున చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను ఒత్తిడి పడుతుంది. బయటి పూతను ఆ ఒత్తిడి గోడకే అదుముతుంది, లోపలి పూతనైతే గోడ నుంచి ఊడగొడుతుంది. అందుకే వీలుంటే బయట తవ్వి, గోడకు బయటివైపు పూత వేయించడం మేలు. పునాది కదలకుండా కొంచెం కొంచెంగా, ఇంజనీరు చెప్పినట్టే తవ్వించాలి. అది కుదరకపోతే పాత ప్లాస్టరింగ్‌ను గోడ కనిపించేదాకా చెక్కించి, గోడా నేలా కలిసే మూలను ప్రత్యేకంగా పూడ్పించి, తడిపిన గోడ మీద సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు వేయించి, బాగా క్యూరింగ్ చేయించండి. ఎక్కువ నీరు వచ్చేది ఆ మూలలోంచే, పనివాళ్లు తొందరలో వదిలేసేదీ ఆ మూలనే. అయినా నేల నుంచి నీరు ఊరుతుంటే అంచుల వెంట కాలువ, ఆ నీరు చేరే గుంట (సంపు), దాన్ని బయటికి తోడే పంపు పెట్టించక తప్పదు.

ఒక వానాకాలం గడిచి గోడ పొడిగా నిలిచాకే ముస్తాబు మొదలుపెట్టండి. నేలకు టైల్స్, గోడకు ఆవిరి పోనిచ్చే సున్నం వంటి పూత మంచివి, వినైల్ వాల్‌పేపర్ వద్దు. తేమను చూపే చిన్న మీటరు కొని, అంకె 60 శాతం దాటకుండా చూసుకోండి. ఉక్కపోత రోజుల్లో కిటికీలు తెరిస్తే బయటి తేమగాలి చల్లని గోడలకు తగిలి నీరవుతుంది, అప్పుడు గాలిలోని తేమను లాగేసే యంత్రం, డీహ్యూమిడిఫయరే వాడండి.

పడక విషయానికొస్తే, మెట్లు కాకుండా బయటికి పోయే మరో దారి, మనిషి పట్టే కిటికీ అయినా సరే, లేకపోతే అక్కడ పడుకోవద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, కారితే కిందికే దిగి పేరుకుంటుంది. సిలిండర్‌ను సెల్లార్‌లో గానీ మెట్ల మొదట్లో గానీ పెట్టకండి.