కిట్లూ కిటుకులూ: మిగ్-21 పెద్దదా, చిన్నదా?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కి వీడ్కోలు పలికినప్పటి నుంచి ప్లాస్టిక్ కిట్లతో బొమ్మ విమానాలు కట్టేవాళ్ల ఈ శీర్షికకు దాని గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయి. ఈసారి జాగా అంతా దానికే.

ప్రశ్న: మిగ్-21లో ఎంఎఫ్ రకాన్ని మన వాయుసేన రంగుల్లో చేయాలనుంది. ట్రంపెటర్ కంపెనీ 1/32 కిట్ కొనాలా, ఎడ్వర్డ్ కంపెనీ 1/48 కిట్ కొనాలా? పెద్దదైతే వివరాలు ఎక్కువ ఉంటాయి కదా?
– కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: పెద్దదైతే వివరాలకు చోటు ఎక్కువ ఉంటుంది, అంతే. ఆ చోటును కిట్ నింపిందా లేదా అన్నది వేరే సంగతి.

ముందు టేపు పట్టుకుని మీ అల్మరా కొలవండి. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. ముక్కు మీది పొడుగాటి గొట్టంతో కలిపితే పొడవు 15.7 మీటర్ల పైచిలుకు. అంటే 1/32లో, అసలుకు ముప్పై రెండో వంతులో, దాదాపు 49 సెంటీమీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పు. 1/48లో 33, 15. మామూలు పుస్తకాల అరలో రెండోది పడుతుంది, మొదటిది గొట్టం బయటపెట్టి కూర్చుంటుంది. ఆ గొట్టం దుమ్ము తుడిచే గుడ్డకు తగిలి ఎన్నిసార్లు విరుగుతుందో లెక్క ఉండదు. పెయింటు కూడా రెండుంబావు రెట్లు పడుతుంది, ఎందుకంటే సైజు ఒకటిన్నర రెట్లయితే పైతలం ఒకటిన్నరకు మళ్లీ ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది.

ఇక కిట్ల సంగతి. ట్రంపెటర్ పెట్టెలో లోపలి ఇంజిన్ కూడా ఇచ్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ విమానం వీపు మూసేశాక ఒక్క ముక్క కూడా కనిపించదు. తోక ఊడదీసి పక్కన బండి మీద పెట్టి చూపించే ఉద్దేశం లేకపోతే ఇంజిన్ వదిలేయండి, వెనక నాజిల్, దాని లోపలి గొట్టం చాలు. దీనివల్ల ఇంకో లాభం ఉంది: ఇంజిన్ బరువంతా వెనక చక్రాలకు అవతలే పడుతుంది, అది తీసేస్తే మోడల్ తోక మీద కూర్చోకుండా ముక్కులో పెట్టాల్సిన సీసం తగ్గుతుంది.

అసలు తిప్పలు బాడీ రెండు సగాలు మూసేటప్పుడు మొదలవుతాయి. మిగ్-21 బాడీ ఒక గొట్టం. అందులో గాలి వెళ్లే దారి, కాక్‌పిట్ తొట్టె, ముందు చక్రం గూడు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. ఒక్కో ముక్కకు పెయింటు, గమ్ము కలిసి కాస్త మందం చేరినా చివరికి వీపు మీద వెంట్రుక దూరే సందు మిగులుతుంది. దాన్ని వేళ్లతో గట్టిగా నొక్కి అతికిస్తే అప్పటికి మూసుకుంటుంది, వారానికి గీతలా విచ్చుకుంటుంది. అందుకే ప్రతి ముక్కా పెట్టాక సగాలను టేపుతో మూసి చూడాలి. పట్టేస్తే ఆ ముక్క అంచు 400 నంబరు వాటర్ పేపర్‌తో అరగదీయాలి. సందు తెరిచి ఉంచి పుట్టీతో నింపుదామనుకుంటే పైనున్న రివెట్ల వరసలు అరిగిపోతాయి. 1/32లో ఆ లోటు బాగా కనిపిస్తుంది.

రెక్కలు కూడా చూసుకోవాలి. మిగ్-21 రెక్కలు అడ్డంగా ఉండవు, 2 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. 1/32లో రెక్క మొదలు కన్నా కొస 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి, 1/48లో 2 మిల్లీమీటర్లు. రెండు వైపులా స్కేలు పెట్టి చూసి, గమ్ము ఆరేదాకా కింద అగ్గిపెట్టెలో పుస్తకాలో ఆధారం పెట్టండి. ఒక రెక్క వాలి రెండోది చదునుగా ఉంటే ఎదురుగా నిలబడి చూసినవాళ్లకు మరింకేమీ కనబడదు.

ఎడ్వర్డ్‌లో అతుకులు చాలా మెరుగు, పైగీతలు సన్నగా ఉంటాయి. ప్రొఫీప్యాక్ పెట్టెలో రంగులు అచ్చేసిన లోహపు ప్యానెల్, పెయింటు తగలకుండా కప్పే మాస్కులు కూడా వస్తాయి. వీకెండ్ పెట్టెలో అవి ఉండవు. మా మాట: ఇది మీ మొదటి రెండు మూడు జెట్లలో ఒకటైతే ఎడ్వర్డ్ 1/48 ప్రొఫీప్యాక్ తీసుకోండి. పెద్ద మోడల్ మీద పెద్ద బ్రష్‌తో వాడకపు మరకలు, చమురు చారలు వేయడమే మీ సరదా అయితే ట్రంపెటర్. కాక్‌పిట్ వివరాల కోసమే 1/32 అనుకుంటే మాత్రం విడి భాగాలకు ఇంకా ఖర్చు పెట్టుకోవాలి. మన వాయుసేన ఎం, ఎంఎఫ్ రకాలు రెండూ నడిపింది కాబట్టి ఏ పెట్టె కొన్నా మన విమానం అవుతుంది. మన గుర్తుల డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే బొమ్మలు) పెట్టెలో ఉన్నాయో లేదో పక్క బొమ్మలు చూసి కొనండి.

ప్రశ్న: ఎంఎఫ్ కిట్‌లోంచే 1971 నాటి ఎఫ్ఎల్ రకం చేయొచ్చా?
– తార్నాక పాఠకుడు

జవాబు: వద్దు. ఎఫ్ఎల్ కెనాపీ, అంటే కాక్‌పిట్ మీది గాజు మూత, ముందుకు తెరుచుకుంటుంది, ఎంఎఫ్‌ది పక్కకు. ఎఫ్ఎల్ రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు 2 మాత్రమే, ఎంఎఫ్‌కు 4. ఎఫ్ఎల్ వీపు సన్నం, లోపల తుపాకీ లేదు. కావాలంటే పొట్ట కింద జీపీ-9 తుపాకీ పెట్టె తగిలించేవారు. మిగ్-21లోనే పీఎఫ్ రకం కెనాపీ, పీఎఫ్ఎం రకం వెడల్పాటి తోక కలిస్తే ఎఫ్ఎల్, కాబట్టి పీఎఫ్ కుటుంబపు కిట్ నుంచే మొదలుపెట్టాలి. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద ఎఫ్ఎల్‌లు రాకెట్లతో దాడి చేశాయి. ఆ విమానమే చేయాలంటే క్షిపణులు పక్కన పెట్టి 57 మిల్లీమీటర్ల రాకెట్లు పట్టే 16 గొట్టాల పాడ్లు తగిలించండి.

ప్రశ్న: ఆరేళ్ల కిందట చేసిన పెద్ద జెట్ చక్రాలు జిగురుగా మారి, రిమ్ము కరిగినట్టయింది. గమ్ము ఎక్కువైందా?
– అల్వాల్ పాఠకురాలు

జవాబు: గమ్ము తప్పు కాదు, టైర్లదే. రబ్బరులా కనిపించే ఆ టైర్లు మెత్తటి వినైల్. మెత్తదనం కోసం అందులో కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికొచ్చి, ఆనుకుని ఉన్న పాలీస్టైరిన్ రిమ్మును తినేస్తుంది. వేడికి ఇంకా త్వరగా జరుగుతుంది. పడమటి గోడకున్న గాజు బీరువాలో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

టైరును బ్లేడుతో కోసి తీసేయండి, లాగితే రిమ్మూ వస్తుంది. జిగురును గీకి, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. రిమ్ము ఆకారం మిగిలి ఉంటే సరే, గుంటలు పడితే రెజిన్ చక్రాలు తెప్పించుకోవడమే మంచిది. కొత్త కిట్‌లో వినైల్ టైర్లే వాడాల్సి వస్తే రిమ్ముకు రెండు పూతలు యాక్రిలిక్ వార్నిష్ కొట్టి తొడగండి. అది ఆలస్యం చేస్తుంది తప్ప ఆపదు. ఎడ్వర్డ్ 1/48లో చక్రాలు గట్టి ప్లాస్టిక్కే కాబట్టి ఈ బెడద లేదు.

ప్రశ్న: నా 1/48 మిగ్ తోక మీద కూర్చుంటోంది. ముక్కులో ఎన్ని గ్రాములు పెట్టాలి?
– మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: గ్రాముల లెక్క కిట్‌కూ, మీరు కలిపిన విడి భాగాలకూ మారుతుంది, తూచి చూడటమే నయం. అతికించక ముందు బాడీ, రెక్కలు, తోక, ఇంధన ట్యాంకు అన్నీ టేపుతో కట్టండి. వెనక చక్రాల ఇరుసు ఉండే చోట కింద అడ్డంగా పెన్సిల్ పెట్టండి. ముక్కుకు చిన్న ప్లాస్టిక్ సంచి వేలాడదీసి, గాలాలకు కట్టే సీసపు గుండ్లు ఒక్కొక్కటే వేయండి. ముక్కు కిందికి వాలినప్పుడు ఆపి, ఆ బరువుకు పావు వంతు కలపండి. పెయింటు, క్షిపణులు తర్వాత చేరతాయి కదా.

మిగ్-21లో ఆ బరువుకు చక్కటి చోటు గాలి ద్వారం మధ్యనుండే శంకువు. లోపల బోలుగా ఉంటుంది, ఎంత ముందుకు పెడితే అంత తక్కువ సీసం సరిపోతుంది. గుండ్లను ఎం-సీల్‌తో బిగించండి, తెల్ల ఫెవికాల్‌తో వద్దు. మూసి ఉన్న చోట ఆ గమ్ములోంచి వచ్చే ఆమ్లానికి సీసం తెల్లటి బూజులా పొంగి, ఏళ్ల తర్వాత అతుకును విప్పేస్తుంది.

ప్రశ్న: ఆగస్టులో లోహపు రంగు లాకర్ పెయింటు కొడితే పొగచూరినట్టు తెల్లబడింది. రాణీగంజ్‌లో కొన్న ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ కలిపాను. థిన్నర్ నకిలీదా?
– బోయిన్‌పల్లి పాఠకుడు

జవాబు: నకిలీ కానక్కర్లేదు. లాకర్ గబగబా ఆవిరవుతూ తలాన్ని చల్లబరుస్తుంది, వానాకాలపు గాలిలో తేమ దాని మీద చేరి తెల్లబడుతుంది. గదిలో తేమ 70 శాతం దాటితే ఆ రోజు డెకాల్స్ పనో, ముక్కలు అరగదీసే పనో చూసుకోండి. కంప్రెసర్ గొట్టానికి నీళ్లు పట్టే గ్లాసు ఉందో లేదో కూడా చూడండి. తెల్లబడ్డ చోట మోడలింగ్ లాకర్ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిపి పలచగా ఒక పూత కొడితే చాలావరకు పోతుంది.

ఎన్‌సీ థిన్నర్ మాత్రం ప్లాస్టిక్ మీదికి తేవద్దు. అందులోని టోలీన్ లాంటి ద్రావకాలు పాలీస్టైరిన్‌ను కరిగించి గీతలన్నీ మెత్తగా చేస్తాయి. ఎయిర్ బ్రష్ కడగడానికి అది భేషైనది, అదీ కిటికీలు తెరిచి. ఇక మెరిసే లోహపు పూత కింద నిగనిగలాడే నల్లటి పూత అద్దంలా ఉండాలి. 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాక వేలితో తడిమితే గరుకు తగిలిన ప్రతిచోటా వెండి రంగు కింద మచ్చ కనిపిస్తుంది.

ప్రశ్న: కాక్‌పిట్ లోపల ఏ రంగు వేయాలి?
– బాలానగర్ పాఠకుడు

జవాబు: సోవియట్ తరహా నీలం కలిసిన ఆకుపచ్చ. ఆ పేరుతోనే సీసాలు దొరుకుతాయి. మీ పక్కనున్న హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) విభాగం 1965లో మొదలైందే మిగ్-21లో పెట్టే ఎలక్ట్రానిక్ పరికరాల తయారీకి. పరికరాల ప్యానెల్ ఫొటోలు దగ్గర పెట్టుకుని డయళ్ల చుట్టూ నల్ల రంగు సన్న బ్రష్‌తో వేయండి. పచ్చ రంగు ముందు, నలుపు తర్వాత.